ఒకే ఆక్సీమీటర్, రెండు వార్డులు

ఒక పక్క నవజాత శిశువులు, ఇంకో పక్క గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లు. రెండు చోట్లా డ్యూటీ చేసే నర్సుని నేను. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించే పల్స్ ఆక్సీమీటర్ ఇది, చేతిలో పట్టుకునే రకం. ఒంటికి తగిలించే సెన్సర్ ముక్కని, అంటే ప్రోబ్‌ని, వైరుతో దీనికి కలుపుతాం. అందరికీ దీన్నే వాడుతున్నాను. మెషీన్ మంచిదే. నా గొడవంతా శిశువుల ప్రోబ్‌తోనూ, అలారంతోనూ.

పెద్దవాళ్ల క్లిప్‌కి వంక పెట్టక్కర్లేదు. చల్లబడ్డ వేళ్లకీ నెయిల్ పాలిష్‌కీ తడబడుతుంది కానీ, అది ఏ కంపెనీదైనా అంతే. శిశువుల పాదానికి చుట్టే పట్టీకి మాత్రం జిగురు ఇట్టే పోతుంది. బిడ్డ కాలు ఝాడించిందా, ప్రోబ్ జారి లైటూ సెన్సరూ ఎదురెదురుగా ఉండవు. స్క్రీన్ మీద 78 అని పడి ఒకటే మోత! బిడ్డేమో ఒళ్లంతా గులాబీ రంగులో హాయిగా నిద్రపోతూ ఉంటుంది. టెన్షనంతా తల్లికి.

అందుకే ఇందులో నాకు బాగా నచ్చింది అంకె కింద కనిపించే నాడి అల. అది సమంగా లేస్తూ, పల్స్ రేటు స్టెత్‌తో విన్న గుండె రేటుతో కలిస్తేనే ఆ అంకెను నమ్ముతాను. కామెర్లకి పెట్టే ఫోటోథెరపీ లైటు కింద ఉన్న బిడ్డకైతే, ఆ వెలుగుకి రీడింగ్ తప్పకుండా ప్రోబ్ మీద గుడ్డ కప్పాలి.

పుట్టుకతో వచ్చే గుండె లోపాల స్క్రీనింగ్‌కి పుట్టిన 24 గంటలు దాటాక కుడి చేతికీ, ఒక కాలికీ చూస్తాం. రెండు చోట్లా 95 గానీ ఆపైన గానీ ఉండి, రెండింటికీ తేడా 3 మించకపోతే పాస్. ఎక్కడైనా 90 కంటే తగ్గితే వెంటనే డాక్టర్‌ని పిలవాల్సిందే. ఈ రెండు రీడింగులూ పక్కపక్కన దాచుకునే వీలు ఇందులో లేదు, కాగితం మీద రాసుకోవాలి. సర్దుకుపోవచ్చు లెండి.

సర్దుకుపోలేనిది అలారం. ఆఫ్ చేసి ఆన్ చేస్తే పెట్టుకున్న లిమిట్లన్నీ పోయి, కింది లిమిట్ మళ్లీ 90కి వస్తుంది, పై లిమిట్ ఆఫ్ అవుతుంది. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) పేషెంట్లకి మేం ఉంచేదే 88 నుంచి 92 మధ్య, ఇక రాత్రంతా మోతే. నెలలు నిండకుండా పుట్టి ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకైతే అసలు మోగాల్సింది 95 దాటినప్పుడు. ఆక్సిజన్ ఎక్కువైతే రెటీనా దెబ్బతింటుంది, మరి ఇదేమో అప్పుడే నోరు మెదపదు.

పెద్దవాళ్ల వార్డుకే అయితే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. శిశువులకి కూడా అనుకుంటే విడి పట్టీలు దొరుకుతాయో లేదో ముందే అడగండి, లిమిట్లు గుర్తుపెట్టుకునే మోడల్ ఉంటే అదే తీసుకోండి.