అడ్వెంచర్ గేముకి ఎంత పెట్టొచ్చు? ఎనిమిదేళ్ల నా పద్దు

మా షాపులో బాకీలు రాసే పొడుగు పుస్తకాన్ని వెనకనుంచి తిరగేస్తే నా సొంత పద్దు కనిపిస్తుంది. 2017లో మొదలెట్టాను. కొన్న ప్రతి అడ్వెంచర్ గేముకి ఒక వరస: పేరు, ఇచ్చిన డబ్బు, పట్టిన గంటలు, ఆఖర్న ఇంకో గడి, "ఆట అయ్యాక దానికి ఎంత ఇస్తావు?" అని. మొదటి మూడూ ఎవరైనా రాసుకుంటారు, నాకు పనికొచ్చింది నాలుగోదే. ఇప్పటికి ముప్పై ఎనిమిది వరసలయ్యాయి. మా ఆవిడ ఒకసారి చూసి "ఈ శ్రద్ధ ముందు పేజీల్లో బాకీలు వసూలు చెయ్యడంలో ఉంటే బాగుణ్ణు" అంది, అది వేరే సంగతి.

అడ్వెంచర్ గేమంటే ఇక్కడ నేననేది కాల్చుకోవడాలు, పరిగెత్తడాలు లేని రకం. బొమ్మలో వెతకాలి, దొరికిన వస్తువు ఎక్కడ పనికొస్తుందో ఆలోచించాలి, ఎదురైనవాళ్లతో మాట్లాడాలి, అలా కథ కదులుతుంది. ఒకసారి అయిపోయిందంటే విప్పేసిన పొడుపు కథే, మళ్లీ ఆడబుద్ధెయ్యదు. ధర దగ్గర పేచీ అంతా అక్కడే మొదలవుతుంది.

నాది విజయనగరం, గంట స్తంభం దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. అంతకుముందు అదే గదిలో ఆరు సిస్టంలు పెట్టి నెట్ సెంటర్ నడిపాను, గంటకి ఇరవై రూపాయలు. ఆ ఇరవై నా బుర్రలో మేకు కొట్టినట్టు ఉండిపోయింది. ఏ ఆట చూసినా ముందు ధరని గంటలతో భాగించేవాణ్ణి. ఫైర్‌వాచ్ అని 2016లో వచ్చిన ఆట ఉంది, అడవిలో మంటలు కనిపెట్టే కాపలా మనిషి కథ, నాలుగైదు గంటల్లో అయిపోతుంది. సేల్‌లో మూడొందలకి దగ్గర పడింది, అంటే గంటకి అరవై డెబ్భై, నా నెట్ సెంటర్ లెక్కలో పచ్చి నష్టం. సరిగ్గా అది పూర్తయిన రోజునే గజపతినగరం నుంచి మా బావమరిది వచ్చాడు. "ఏటి బావా, మూడొందలెట్టి కొంటే నాలుగ్గంటల్లో అయిపోనాదా? నీకెవడో బాగా టోపీ ఎట్టేసినాడు" అని ఒకటే నవ్వు.

వాడు ఫోన్‌లో బీజీఎంఐ అనే కాల్పుల ఆట ఆడతాడు. ఆట ఉచితం, కానీ అందులో తుపాకీ రంగుకీ, చొక్కాకీ యూసీ, అంటే ఆటలో చెల్లే డబ్బు, కొంటాడు. ఒక నెల పేమెంట్లు ఇద్దరం కూర్చుని కూడితే తొమ్మిదొందలు దాటింది, వాడి మొహంలో నవ్వు కొంచెం తగ్గింది గానీ తప్పు చేశానని మాత్రం అనుకోలేదు. ఆ చొక్కా స్నేహితులు చూస్తారు కదా. అడ్వెంచర్ గేములో మనం ఎంత గొప్పగా తలుపు తెరిచినా చూసేవాడు ఎవడూ లేడు, రాత్రి పదకొండింటికి గదిలో ఒక్కడివే "అబ్బ!" అనుకోవాలి. చూపించుకోలేనిదానికి డబ్బు పెట్టమంటే జనానికి చెయ్యి రాదు.

నేనేమీ సుద్దపూసని కాదు. మెషినేరియం నా దగ్గరికి మొదట పెన్ డ్రైవ్‌లో వచ్చింది, నెట్ సెంటర్‌కి వచ్చే ఇంజినీరింగ్ కుర్రాడెవడో వేసిపోయాడు, నేను ఆడేశాను. చెక్ దేశంలో అమానిటా డిజైన్ అనే చిన్న బృందం 2009లో చేసిన ఆట అది. 2010 ఆగస్టులో వాళ్లే ఒక పని చేశారు: మీరు దొంగ కాపీ ఆడారని మాకు తెలుసు, క్షమించేస్తున్నాం, 20 డాలర్ల ఆటని 5 డాలర్లకి ఇస్తాం, కొనుక్కోండి అన్నారు. ఆడినవాళ్లలో నూటికి 5 నుంచి 15 మందే డబ్బిచ్చారని వాళ్ల అంచనా. ఆ సంగతి నేను చదివింది చాలా ఏళ్ల తర్వాత. ఎవరూ అడగలేదు, నాకే మొహం చెల్లలేదు. పద్దులో మొదటి వరస అదే. సేల్‌లో నూట యాభై లోపే పడింది, అప్పటికే పూర్తిచేసిన ఆట కొనుక్కున్నాను.

దాని నాలుగో గడి మాత్రం వెంటనే నిండలేదు. ఒక ఏడు మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలంతా మా ఇంట్లో దిగారు. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగి అందరూ ఇంటికి చేరేసరికి పిల్లలకి కాళ్లు పడిపోయి ఉన్నాయి, టీవీ దగ్గర పెద్దవాళ్లు, నేను లాప్‌టాప్ తెరిచి ఐదుగురిని చుట్టూ కూర్చోబెట్టాను. ఈ ఆటలో సంభాషణలు లేవు, ఎవరేం చెప్పాలన్నా తలమీద బుడగలో బొమ్మలు కదులుతాయి, అందుకని ఇంగ్లీషు రానక్కర్లేదు. చిన్న రోబో ఒకడు ఊళ్లోకి వెళ్లాలి, వంతెన దగ్గర కాపలావాడు పొమ్మంటాడు. కాపలావాడి నెత్తిన నీలం టోపీ, దానిమీద దీపం. అక్కడే రోడ్డుమీద పెట్టే కోను లాంటిది ఒకటి పడి ఉంటుంది. నాకు జవాబు తెలుసు, నోరు మూసుకుని కూర్చున్నాను. పావుగంట ఎవరికీ తట్టలేదు. ఏడేళ్ల మా మేనకోడలు తెర మీద వేలు పెట్టి "మావయ్యా, ఇది తిరగేస్తే టోపీయే కదా, రంగెయ్యాలి" అంది. రంగు డబ్బాలో ముంచి, బల్బు తగిలించి, రోబో నెత్తిన పెట్టగానే వంతెన దిగింది, ఆ అరుపులకి పక్కింటివాళ్లు కిటికీ తీశారు. ఆ రాత్రి గడిలో 600 అని రాశాను. నూట యాభై ఎక్కడ, ఆరొందలెక్కడ!

అప్పట్నుంచి గంటల గడినీ నాలుగో గడినీ పక్కపక్కన పెట్టి చూడటం మొదలైంది. గంటలకీ నాలుగో గడికీ ఏ సంబంధమూ లేదు. ఇరవై గంటల ఆటకి 100 వేసినవి ఉన్నాయి, ఫైర్‌వాచ్‌కి 500 వేశాను, బావమరిదికి చూపించలేదు. అంకె పెరిగిందల్లా లాప్‌టాప్ మూసేశాక కూడా బుర్రలో తిరిగిన ఆటలకే.

థింబుల్‌వీడ్ పార్క్ అలాంటిది. పాతకాలపు అడ్వెంచర్ గేము మంకీ ఐలాండ్ చేసిన రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్‌తో కలిసి 2017లో తెచ్చాడు, కథ 1987లో జరుగుతుంది, ఐదుగురు మనుషుల్ని మార్చి మార్చి ఆడాలి. వచ్చిన కొత్తలోనే పూర్తి ధర ఇచ్చాను, ఐదొందల పైచిలుకు. అప్పటికి నా జీవితంలో ఆటకి పెట్టిన పెద్ద మొత్తం అదే, నొక్కేముందు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. కష్టమైన మోడ్ ఎంచుకుని ఒకచోట మూడు రోజులు ఇరుక్కున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఒకావిడ రేషన్ కార్డు లామినేషన్‌కి ఇచ్చింది, మిషన్‌లోంచి కార్డు వేడిగా బయటికొస్తుంటే జవాబు తట్టింది. కార్డు చేతికిచ్చాను గానీ డబ్బులు తీసుకోవడం మర్చిపోయాను. నాలుగో గడి 900.

ఇరుక్కున్నప్పుడు యూట్యూబ్ చూడొచ్చుగా అంటారు. చూశాను, చాలా ఆటలకి చూశాను. చూసిన ప్రతిదానికీ నాలుగో గడి పడిపోయింది, ఒక్కటీ మినహాయింపు లేదు. రెండొందలిచ్చి కొన్నదాన్ని రెండు నిమిషాల్లో మన చేత్తో మనమే యాభైకి దించుకోవడం అన్నమాట. వెనకటి రోజుల్లో అమెరికాలో ఇదే వ్యాపారం. సియెర్రా కంపెనీ ఆట అమ్మేది, దానికి క్లూల పుస్తకం విడిగా అమ్మేది, అదీ కాకపోతే ఫోన్ చేస్తే డబ్బు తీసుకుని చెప్పే లైను పెట్టింది. ఆటకే కాదు, అందులోంచి బయటపడటానికీ జనం డబ్బిచ్చేవారు. థింబుల్‌వీడ్‌లో ఆ లైనుని ఆట లోపలే పెట్టారు, అందులోని ఏ ఫోన్‌నుంచైనా 4468 నొక్కితే కొంచెం కొంచెంగా చెబుతుంది, పైసా అక్కర్లేదు. మెషినేరియంలో క్లూల పుస్తకానికి తాళం ఉంటుంది, తెరవాలంటే ముందు ఇంకో చిన్న ఆట ఆడాలి. డబ్బు బదులు విసుగు కట్టించుకుంటారు, నాకైతే అదే న్యాయంగా అనిపిస్తుంది.

మరి మనుషులు గట్టిగా ఎంత ఇస్తారు అంటే, 2012 ఫిబ్రవరి లెక్క ఒకటుంది. పాత గేముల రచయిత టిమ్ షేఫర్ వాళ్ల డబుల్ ఫైన్ కంపెనీ, జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ అనే సైటులో, పాతకాలపు అడ్వెంచర్ గేము చేస్తాం, 4 లక్షల డాలర్లు కావాలి అంది. 87 వేల మంది కలిసి 33 లక్షలకు పైగా పోశారు. 15 డాలర్లిస్తే ఆట వచ్చేస్తుంది, అయినా సగటున తలకి 38 డాలర్ల లెక్క తేలుతుంది, అప్పటి రేటుకి 1,900 రూపాయల దాకా. ఆటకి అప్పటికి పేరు కూడా లేదు, బొమ్మ కూడా గియ్యలేదు. ఏం చూసి ఇచ్చారు? నా ఉద్దేశంలో అది పాత బాకీ. ఈ షేఫరే రాన్ గిల్బర్ట్‌తో కలిసి 1990లో మంకీ ఐలాండ్ రాశాడు, 1998లో గ్రిమ్ ఫాండాంగో చేశాడు, చిన్నప్పుడు అవి ఆడినవాళ్ల నాలుగో గడి ఇన్నేళ్లూ తీరకుండా ఉండిపోయింది, అవకాశం రాగానే కట్టేశారు. ఆ డబ్బూ సరిపోక ఆ ఆట బ్రోకెన్ ఏజ్ అనే పేరుతో రెండు ముక్కలుగా, 2014 జనవరిలో సగం, 2015 ఏప్రిల్‌లో మిగతా సగం వచ్చింది. నేను థింబుల్‌వీడ్‌కి ఐదొందలిచ్చిందీ అంతే, మంకీ ఐలాండ్ ఊరికే ఆడిన బాకీ.

సేల్స్ విషయానికొస్తే నా పద్దులో సిగ్గుపడాల్సిన భాగం అదే. ముప్పై ఎనిమిదిలో పదిహేడు తెరవనేలేదు, అన్నీ ఎనభై శాతం తగ్గింపులో వందకో అరవైకో కొన్నవే. పూర్తి ధర పెట్టినవి నాలుగే నాలుగు, నాలుగూ ఆఖరి దాకా ఆడాను. చవగ్గా దొరికిందని సంతలో గంప నిండా కూరలు కొని ఫ్రిజ్‌లో కుళ్లబెట్టుకోవడం లాంటిదే ఇది. ఆ పదిహేడూ కూడితే రెండు కొత్త ఆటలు దర్జాగా వచ్చేవి.

ఇంకోటి, ఇంగ్లీషు. డిస్కో ఎలిసియం అనే ఆటలో పది లక్షల మాటలకు పైగా ఉన్నాయని అందరూ మెచ్చుకుంటారు, ఇచ్చిన డబ్బుకి అన్ని మాటలు వస్తే లాభమే కదా అని. తెలుగు మీడియంలో చదివినవాడికి అది లాభం కాదు, అదనపు ఖర్చు. గంట ఆడి, అందులో నలభై నిమిషాలు డిక్షనరీలో గడిపి వెనక్కిచ్చేశాను. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే డబ్బు తిరిగొస్తుంది. పొట్టి ఆటల్ని రెండు గంటల్లో ముగించేసి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లూ ఉన్నారు. హోటల్లో భోజనం చేసి పళ్లెం బాగాలేదని లేచిపోయినట్టు.

ఫోన్‌లో పరిస్థితి ఇంకా కనాకష్టం. అచ్చంగా అడ్వెంచర్ కాదు గానీ మాన్యుమెంట్ వ్యాలీ అనే పజిల్ ఆట 2014లో ఎంత పేరు తెచ్చుకుందో తెలిసిందే, ఆ ఏడాదే కొత్త భాగాలు చేసి రెండు డాలర్లు అడిగితే అదే ఆటని మెచ్చుకున్న జనం ఒక్క నక్షత్రం రేటింగులు పెట్టారు. నెలవారీ చందాలు కూడా వాడి చూశాను, పేరెందుకు లెండి. సగంలో ఉన్న ఆట ఒకరోజు జాబితాలోంచి మాయమైంది. నెలకి తొంభై తొమ్మిది చవకే, కానీ నెలాఖరు దగ్గర పడుతోందంటే గబగబా ముగించాలనిపించి క్లూలు వెతికేవాణ్ణి, దాంతో నాలుగో గడి గోవిందా.

కొత్తగా మొదలెట్టేవాళ్లు అసలు డబ్బే పెట్టొద్దు. బినీత్ ఎ స్టీల్ స్కై 1994 నాటి ఆట, దాన్ని చేసిన రివల్యూషన్ వాళ్లు 2003లో ఉచితంగా ఇచ్చేశారు, పాత ఆటల్ని నడిపించే స్కమ్‌వీఎం అనే ప్రోగ్రాం వేసుకుంటే పాత కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ ఆడొచ్చు. అది నచ్చకపోతే ఈ జాతి ఆటలు మీకు పడవు, డబ్బు మిగిలినట్టే. నచ్చితే మాత్రం ఒకేసారి ఐదు కొనకుండా ఒకటి కొని, అది అయ్యాక రెండోది. నా వరకు ఇప్పుడు తెలియని వాళ్ల ఆటకి మూడొందలు దాటను, ఇంతకుముందు నా బుర్ర తిన్నవాళ్లది అయితే వెయ్యి దాకా ఆలోచించకుండా ఇస్తాను.

ముప్పై తొమ్మిదో వరస మొన్న ఆదివారం రాశాను, పేరు, ధర వేసి ఆపాను. మేనకోడలు ఇప్పుడు హైస్కూలు, వాళ్ల ఊళ్లో అదే ఆట ఆడుతోంది, నాకంటే రెండు గదులు ముందుంది. రాత్రి ఫోన్ చేసి "చెప్పనా మావయ్యా?" అంది. వద్దన్నాను.