పదకొండేళ్లుగా కొలువులో పెడుతున్న మా కొండపల్లి బొమ్మలు, వాడాక తెలిసిన సంగతులు

దశావతారాల సెట్టు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే కల్లుగీత బొమ్మ, ఇవి మా ఇంటికొచ్చి పదకొండేళ్లయింది. భోగి రోజు అటక మీంచి దింపుతాం, ముక్కనుమ నాడు ఒక బొమ్మని పడుకోబెట్టి కొలువు ఎత్తేసి మళ్లీ సర్దేస్తాం, అంటే ఏడాదికి రెండుసార్లు ప్రతి బొమ్మా చేతిలోకొస్తుంది కాబట్టి ఏది ఎక్కడ పాతబడుతోందో బాగా తెలిసొచ్చింది.

ముందు బరువు గురించి చెప్పాలి. తెల్ల పొణికి చెక్క కదా, జానెడు ఏనుగుని పట్టుకున్నా చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. అసలుదో కాదో నేను చూసేది దీంతోనే. మూడేళ్ల కింద ఒక ఆన్‌లైన్ షాపులో కొండపల్లి అని రాసుంటే పెళ్లి పల్లకి తెప్పించా, పెట్టె ఎత్తగానే డౌటొచ్చింది, అడుగున గోరుతో గీరితే చెక్కే కాదు, ఏదో అచ్చు పోసిన సరుకు. చాలా బాధేసింది, ఎందుకంటే 2007లోనే జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే అధికారిక గుర్తింపు, వచ్చిన బొమ్మలివి, ఆ పేరు పెట్టి ఇలా అమ్మితే నష్టపోయేది అక్కడ కూర్చుని ఉలి పట్టే వాళ్లే.

ఇక లోపం. అతుకులు. మొండెం విడిగా, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, ఊడితే అక్కడే ఊడుతుంది. మా పరశురాముడి గొడ్డలి చెయ్యి నాలుగో ఏడు ఊడొచ్చింది, ఫెవికాల్ పెట్టా, మరుసటి సంక్రాంతికి మళ్లీ చేతిలోకొచ్చేసింది. అప్పుడు మా అత్తయ్యగారు చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, చిక్కగా ఉడికించి, అందులో వడ్రంగి దగ్గర తెచ్చిన పొట్టు కలిపి అతికించారు, ఆరేళ్లయింది కదల్లేదు. అతుకు మధ్యలో సందుంటే మక్కు దాన్ని నింపుతుంది, ఫెవికాల్‌కి అది చేతకాదు.

రంగుల్లో, ఎనామిల్ వేసినవి మెరుస్తాయి కానీ తెలుపు నిలవదు, కల్కి గుర్రం ఇప్పుడు మీగడ రంగుకొచ్చింది. తడిగుడ్డ అసలు వద్దు, పెయింటింగ్ బ్రష్‌తో పొడిగా దులపండి చాలు. మొదటేడు న్యూస్‌పేపర్‌లో చుడితే అక్షరాలు మత్స్యావతారం తోక మీద అచ్చుపడ్డాయి, అప్పట్నుంచి పాత నూలు చీర ముక్కలు, మధ్యలో ఎండిన వేపాకు, ఇంతవరకు పురుగు పట్టలేదు.

చిన్నపిల్లలకి ఆడుకోడానికి మాత్రం ఇవి ఇవ్వకండి, ఏటికొప్పాక ఊళ్లో చేసే లక్క బొమ్మలివ్వండి. అవి అంకుడు చెక్క, లేత్ మీద తిరిగే చెక్కకి లక్క అదిమితే ఆ వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది, కుంచె పనే లేదు. మా పాప బొంగరాన్ని గోడకేసి కొట్టినా పెచ్చు లేవలేదు. గింజల నుంచీ వేళ్ల నుంచీ తీసిన రంగులేనా అని అడిగి మరీ కొనండి, ఆ రంగుల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో వాళ్లకొచ్చినంత సంతోషపడ్డాం. కాకపోతే లేత్ మీద తిప్పినవి కాబట్టి అన్నీ గుండ్రంగా ఉంటాయి, ఆ పెద్ద కళ్లు, కోర మీసం, ఆ ముఖకళ కావాలంటే కొండపల్లే.

కొనేటప్పుడు చేతుల దగ్గర మెల్లగా కదిపి చూడండి, తొండం మొదట్లో పగులుందేమో వెలుతురులో చూడండి. వీలైతే కొండపల్లికే వెళ్లి కొనండి, విజయవాడకి దగ్గరే, బొమ్మల కాలనీలో చెక్కుతుంటే చూడొచ్చు, నచ్చిన ముఖం ఏరుకోవచ్చు. కొలువులో మూడో మెట్టు మీద పల్లకి చోటు ఇంకా ఖాళీగానే ఉంచాం, ఈ సంక్రాంతి లోపు నేనూ మా పాపా వెళ్లి తెచ్చుకుంటాం.