గర్భాశయ క్యాన్సర్ తిరగబెడుతుందా? ఆర్‌ఎన్‌ఏ స్కోరా, నాలుగు గుంపుల పరీక్షా: ఏది మేలు?

చిత్తూరులో ఆపరేషన్ చేయించుకుని, మైనపు బ్లాకులు (కణితి ముక్కను మైనంలో పొదిగినవి) సంచిలో వేసుకుని తిరుపతికో వేలూరుకో వెళ్ళే కుటుంబాలు అడిగేది ఒకటే: జబ్బు మళ్ళీ వస్తుందా, రేడియేషన్‌తో సరిపోతుందా, కీమో కూడా పడాలా? జవాబుకు రెండు దారులున్నాయి. కణితిలోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచి స్కోరు కట్టడం ఒకటి. పోల్ (డీఎన్‌ఏను నకలు చేసే జన్యువు), ఎంఎంఆర్ (నకలులో తప్పులు దిద్దే ప్రొటీన్లు), పి53 (కణితిని అడ్డుకునే ప్రొటీన్) చూసి కణితి నాలుగు గుంపుల్లో దేనిదో తేల్చడం రెండోది. ఇవాళ మందు రాయాలంటే రెండోదే మేలు.

ఈ గుంపులు 2013లో అమెరికా క్యాన్సర్ జన్యు ప్రాజెక్టు టీసీజీఏ 373 గర్భాశయ లోపలి పొర (ఎండోమెట్రియం) కణితులను పరీక్షించినప్పుడు బయటపడ్డాయి. రేడియేషన్ ఒక్కటే ఇవ్వడాన్ని, కీమో కలిపి ఇవ్వడాన్ని పోల్చిన పోర్టెక్-3 ట్రయల్‌లోని కణితులను ఇలాగే విడదీసి 2020లో లెక్క చెప్పారు: ఐదేళ్ళు జబ్బు తిరగబెట్టనివాళ్ళు పోల్ గుంపులో 98 శాతం, పి53 చెడిన గుంపులో 48 శాతం. ఆ పి53 గుంపులోనే కీమో కలిపినవాళ్ళకు 59, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళకు 36. అంతర్జాతీయ స్త్రీ వైద్యుల సమాఖ్య ఫిగో 2023 స్టేజింగ్‌లోకీ (జబ్బు దశ తేల్చే పద్ధతి) ఈ గుంపులు వచ్చేశాయి.

ఖర్చు తగ్గుతుందని పి53 ఒక్కటే చేయిస్తే దెబ్బ తింటారు. పోల్ మార్పున్న కణితిలోనూ పి53 చెడి కనిపించవచ్చు; పోల్ చూడకపోతే అక్కర్లేని కీమో నెత్తిన పడుతుంది. పి53 కోసం స్టెయిన్ (రంగు) వేసిన స్లైడు చదవడంలోనూ ఒక మెలిక ఉంది. కణితి కణాల్లో గోధుమరంగు అసలు లేదని పి53 పోయిందని రాసేయకూడదు. పక్కనున్న మామూలు కణాల్లో, లింఫోసైట్లలో (ఒకరకం తెల్లరక్తకణాలు) లేతగానైనా రంగు పట్టిందా చూడాలి. అక్కడా లేకపోతే స్టెయినే ఎక్కలేదు, మళ్ళీ వేయాల్సిందే.

ఆర్‌ఎన్‌ఏ స్కోరు కాగితం మీద బాగుంటుంది. ఇరవై వేల జన్యువులు, రెండు వందల మంది పేషెంట్లు, అందులో తిరగబెట్టినవాళ్ళు ఏ ముప్పైమందో: అంత తక్కువమందితో వెతికితే ఏవో కొన్ని జన్యువులు ఎలాగూ కలిసొస్తాయి. మొత్తం డేటా చూసి జన్యువులను ఎంచుకుని, అదే డేటా మీద పరీక్షిస్తే స్కోరు అదిరిపోతుంది. వేరే ఆసుపత్రి కణితుల మీద చతికిలపడుతుంది. పైగా బ్లాకులోని ఆర్‌ఎన్‌ఏ ముక్కలై ఉంటుంది. 200 న్యూక్లియోటైడ్ల కంటే పొడవైన ముక్కలు 30 శాతమైనా లేకపోతే ఫలితం నమ్మలేం. బ్లాకులోంచి కోసిన పొరలో కణితి తక్కువై కండరం ఎక్కువైతే కొలిచేది కండరాన్నే.

అలాగని పనికిరానిది కాదు. పై మూడింటిలో ఏదీ దొరకని నాలుగో గుంపులో మంచివీ చెడ్డవీ కలగాపులగంగా ఉంటాయి. అక్కడ ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్ రిసెప్టర్), ఎల్1క్యామ్ (కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) స్టెయిన్లు కొంత దారి చూపిస్తాయి. ఆర్‌ఎన్‌ఏ స్కోరు నిజంగా అక్కరకు రావాల్సింది అక్కడే.

ఏ పరీక్షైనా చెడేది ఎక్కువగా ఫార్మలిన్ (కణజాలం కుళ్ళకుండా ఉంచే ద్రవం) దగ్గరే. గర్భసంచిని కోసి తెరవకుండా డబ్బాలో ముంచితే లోపలి పొర కుళ్ళుతుంది. గంటలోపు తెరిచి, దాని పరిమాణానికి పదింతల 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. తీసుకెళ్ళేటప్పుడు స్లైడులొక్కటే కాదు, బ్లాకూ అడిగి తీసుకోండి. ఎప్పుడో కోసిన స్లైడులకు స్టెయిన్ సరిగా పట్టదు. రోహిణి కార్తె ఎండలో బ్లాకును కారు డాష్‌బోర్డు మీద వదిలేయకండి, మైనం మెత్తబడిపోతుంది.