బ్రెస్ట్ బయాప్సీకి అదే రోజు రిపోర్ట్: వాడి చూశాక నా మాట

గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి రిపోర్ట్ వచ్చేదాకా కంటి మీద కునుకుండదు. అందుకే బయాప్సీ చేసిన పూటే ప్రాథమిక ఫలితం చెప్పే రాపిడ్ సైటాలజీ (విడి కణాలని మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) ఉందనగానే మారు మాట్లాడకుండా సరేనన్నాను.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీసిన ముక్క దారప్పోగులా ఉంది. టెక్నీషియన్ దాన్ని గాజు స్లైడ్ మీద సూది మొనతో మెల్లగా దొర్లించి, ముక్కని ఫార్మలిన్ (పాడవకుండా నిలవుంచే ద్రావణం) డబ్బాలో వేసేసి, స్లైడ్‌ని గాలికి ఆరనిచ్చి రంగు సీసాల్లో ఒకదాని తర్వాత ఒకటి ముంచింది. దీన్ని టచ్ ఇంప్రింట్ అంటారు. గట్టిగా రుద్దితే కణాలన్నీ స్లైడ్‌కే అంటుకుపోయి అసలు పరీక్షకి ముక్కలో సరిగా మిగలవు, అందుకే ఆవిడ చేతిలో ఆ నెమ్మది చూసి ధైర్యమొచ్చింది.

అరగంటలోపే చెప్పిన మాట: "ఎటిపికల్". క్యాన్సర్ అని అనలేం, కాదనీ అనలేం అన్నమాట. హిస్టోపాథాలజీ, అంటే ఆ ముక్కనే కోసి చూసే అసలు పరీక్ష, రిపోర్ట్ వచ్చేదాకా నాలుగు రోజులు నరకం చూశాను, చివరికి ఫైబ్రోఅడినోమా అని తేలింది, మామూలు గడ్డే. డాక్టర్‌గారిని అడిగితే అప్పుడు చెప్పారు, ఈ గడ్డ నుంచి కణాలు గుంపులు గుంపులుగా రాలతాయట, సైటాలజీలో తికమక పెట్టేవాటిలో ఇదొకటట. సన్నసూది పరీక్ష ఫలితాలని వర్గీకరించడానికి వాడే యోకోహామా పద్ధతిలో ఉన్న 5 తరగతుల్లో ఎటిపికల్ సరిగ్గా మధ్యలోది. ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా!

క్యాన్సర్ కణాలు స్పష్టంగా కనిపించాయంటే ఆ మాటని చాలావరకు నమ్మొచ్చు, తర్వాతి అపాయింట్‌మెంట్లు, స్కాన్లు ఆ రోజే మొదలుపెట్టుకోవచ్చు, ఈ సర్వీస్ అసలు విలువ అక్కడే ఉంది. "ఏమీ కనబడలేదు" అంటే మాత్రం ఊపిరి పీల్చుకోకండి. లోబ్యులార్ అనే రకం రొమ్ము క్యాన్సర్‌లో కణాలు చిన్నవి, రాలేవి కూడా తక్కువ, కాబట్టి తప్పిపోవచ్చు. స్లైడ్ మీద కనబడేవి విడి కణాలే, అవి పాలనాళం గోడ దాటాయో లేదో అందులో తెలియదు. క్యాన్సర్‌కి ఏ మందులు సరిపోతాయో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలకి ముక్క 6 నుంచి 72 గంటలు ఫార్మలిన్‌లో ఉండాలి, దాన్ని తొందరపెట్టకూడదు కూడా. స్కాన్ ఒకటి చెప్పి స్లైడ్ ఇంకొకటి చెబితే మళ్లీ బయాప్సీ అడగడానికి మొహమాటపడకండి.

ఐదుకి నాలుగు స్టార్లు. సూది వేసే ముందే ఓ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పి ఉంటే ఐదోదీ ఇచ్చేదాన్ని.