రెండు కప్పల స్నేహం: చిన్నపిల్లలకు చదివి వినిపించదగిన పుస్తకం

చిన్నపిల్లల కోసం స్నేహం గురించి రాసే పుస్తకాలలో చాలావరకు 'బొమ్మలు పంచుకోవాలి, కొట్టుకోకూడదు' అని బుద్ధులు చెప్పి ఊరుకుంటాయి. ఆర్నాల్డ్ లోబెల్ రాసి, బొమ్మలు కూడా తానే గీసిన 'ఫ్రాగ్ అండ్ టోడ్ ఆర్ ఫ్రెండ్స్' ఆ కోవలోనిది కాదు. 1970లో వెలువడి, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డికాట్ ఆనర్ అనే గుర్తింపు పొందిన ఈ చిన్న పుస్తకంలో ఫ్రాగ్ అనే కప్ప, టోడ్ అనే గోదురుకప్పల కథలు ఐదున్నాయి.

నాకు అన్నింటికన్నా ఉపయోగపడినది పోయిన గుండీ కథ. షికారు ముగిశాక తన కోటు గుండీ ఊడిపోయిందని టోడ్ గమనిస్తాడు. నడిచిన చోట్లన్నీ మళ్లీ వెతుకుదామని ఫ్రాగ్ బయలుదేరదీస్తాడు. దొరికిన గుండీల్లో ఒక్కటీ తనది కాకపోవడంతో టోడ్ సహనం కోల్పోయి కేకలు వేస్తాడు. తీరా ఇంటికి చేరితే గుండీ నేల మీదే పడి ఉంటుంది. ఇక్కడ క్షమాపణల సన్నివేశమేమీ లేదు. దొరికిన గుండీలన్నిటినీ కోటుకు కుట్టి, మరునాడు టోడ్ దానిని ఫ్రాగ్‌కు ఇచ్చేస్తాడు. ఆ చోట చదవడం ఆపి 'కోటు ఎందుకిచ్చాడు?' అని అడగాలి. ఎదుటివారి మనసులో తన ఆలోచనకు భిన్నమైనది ఉండవచ్చన్న సంగతి సాధారణంగా నాలుగేళ్ల ప్రాంతంలో అందడం మొదలవుతుంది కనుక, ఆ వయసు దాటినవారు జవాబు కోసం తడుముకుంటూనే దాని దగ్గరకు చేరతారు. మూడేళ్లవారు గుండీలు లెక్కపెడతారు, అదీ మంచిదే.

ఈత కథ మరింత సున్నితమైనది. ఈత దుస్తుల్లో తాను వింతగా కనిపిస్తానని టోడ్ సిగ్గుపడతాడు. చివరకు అందరూ నవ్వుతారు, ఫ్రాగ్ కూడా నవ్వుతాడు, రచయిత దానిని సర్దిపెట్టే ప్రయత్నం చేయడు. తోటివారు నవ్వారని ముడుచుకుపోయిన పిల్లలతో మాట కలపడానికి ఈ కథ చక్కగా పనికివస్తుంది. అయితే 'అలా నవ్వవచ్చా?' అని అడిగితే పిల్లలు పెద్దలకు నచ్చే జవాబే చెబుతారు. 'ఫ్రాగ్ స్థానంలో నువ్వుంటే?' అని అడగడం మేలు.

ఒక లోటు మాత్రం పెద్దదే. మొదటి పేజీ నాటికే వీరిద్దరూ స్నేహితులు. ఆడుకుంటున్న గుంపు దగ్గరకు వెళ్లి 'నేనూ రానా?' అని అడగడం, వద్దంటే ఏం చేయాలో తెలియడం వంటి తొలి అడుగులు ఇందులో కనిపించవు. చొరవ తక్కువైన పిల్లలకు ఆ భాగాన్ని పెద్దలే బొమ్మలతో ఆడించి చూపవలసి ఉంటుంది. ఐదు కథలనూ ఒక్క రాత్రిలో ముగించకుండా, ఒకే కథను రెండు మూడు రోజులు తిరిగి చదివితే, ప్రశ్నలు పిల్లలే వేయడం మొదలుపెడతారు.