అల్సర్ టీకాకు ఏది మేలు: పీఎల్‌జీఏనా, రొయ్య పెంకా?

అల్సర్లకూ, కొందరిలో క్యాన్సర్‌కూ కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాకు మార్కెట్లో ఇంకా టీకా లేదు. నోటి ద్వారా ఇవ్వాలంటే టీకా ప్రొటీన్‌ని కడుపులోని యాసిడ్ నుంచి కాపాడే ఏర్పాటు కావాలి; నానో కణం అలాంటిదే.

పీఎల్‌జీఏ అంటే కరిగిపోయే కుట్లకు వాడే పాలిమర్. ప్రొటీన్‌ని మెల్లగా, రోజుల తరబడి వదులుతుంది. తయారీలో వాడే సాల్వెంట్లకు (కరిగించే రసాయనాలకు) ఆ ప్రొటీనే దెబ్బతినొచ్చు.

కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వస్తుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే ఆ ముడిసరుకు కళ్లముందే ఉంటుంది. దానికి ధనావేశం ఉంటుంది కాబట్టి పేగు జిగురు పొరను పట్టుకుని వదలదు. ఘాటైన సాల్వెంట్లూ అక్కర్లేదు. చిక్కల్లా యాసిడ్‌లో ఇట్టే కరిగిపోవడమే. అందుకే పేగులోకి చేరాకే విడిపోయే పూత వేయాలి.

నా ఓటు పూత వేసిన కైటోసాన్‌కే. ఈ బ్యాక్టీరియాలో యాంటీబయాటిక్స్‌కు లొంగని రకాలు పెరుగుతున్నాయి కాబట్టి టీకా అవసరం. మన ఊరి ల్యాబుల్లో ఈ పని గట్టిగా జరగాలి.