జిల్లా ఆసుపత్రి ఐసీటీసీకి ఐదు స్టార్లు, డీ-అడిక్షన్ వార్డుకు రెండే

మా చిన్నమ్మతో తాగుడు మాన్పించడానికి జిల్లా ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం, పేరు రాయడం లేదు. ముందు మంచి చెప్తా. ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో) హెచ్‌ఐవీ పరీక్షకు పైసా తీసుకోలేదు, పైగా రక్తం తీసే ముందు కౌన్సెలర్ మేడమ్ మమ్మల్ని బయట కూర్చోబెట్టి, తలుపు వేసి చిన్నమ్మతో విడిగా మాట్లాడారు. "రిపోర్టు మీ చేతికే ఇస్తానమ్మా, ఇంట్లోవాళ్లకు చెప్పను" అన్నారట. ఇది ఆవిడ మంచితనమే కాదు, 2017 హెచ్‌ఐవీ చట్టం ఇచ్చిన హక్కు కూడా. పాజిటివ్ వచ్చినా భయపడక్కర్లేదు, 2004 నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది.

డీ-అడిక్షన్ వార్డు దగ్గరే కడుపు మండింది. మంచాలన్నిటి మీదా మగవాళ్లే, బాత్రూమ్ ఒక్కటే, దానికీ గడియ సరిగా పడదు. చిన్నమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. చివరికి ఆడవాళ్ల జనరల్ వార్డులో చేర్చుకున్నారు, డాక్టరుగారు మాత్రం చాలా ఓపిగ్గా చూశారు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ఇంట్లో గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోదు.

తాగే ఆడదాని గురించి ఊళ్లో ఎలా మాట్లాడతారో తెలుసు కదా, అందుకే చాలామంది లివర్ పాడయ్యేదాకా బయటపడరు. మత్తులో జాగ్రత్తలు గుర్తుండవు కాబట్టి హెచ్‌ఐవీ పరీక్ష, కండోములు కూడా ఈ వార్డులోనే అందాలి. ఆడవాళ్లకు విడిగా నాలుగు బెడ్లు, ఒక లేడీ కౌన్సెలర్, గడియపడే బాత్రూమ్‌కి బడ్జెట్ ఇవ్వండి సార్, ఇదేం పెద్ద కోరిక కాదు.

వెళ్లేముందు మత్తు సమస్యకైతే 14446కి, హెచ్‌ఐవీ సందేహాలకైతే 1097కి ఫోన్ చేయండి, రెండూ టోల్‌ఫ్రీ.